విడవకుండా ముప్పది దినములు

సత్తెనపల్లిలో రిజిస్ట్రారు కచేరీ ముందు చెక్కపెట్టె వేసుకుని ముప్పై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్న అలీ సాహెబు, ఆ సోమవారం పొద్దున మొదటి బస్సుకే జొన్నలపాడులో దిగాడు. పల్లెలో జయరావు మేష్టారి ఇంటికి దారి ఆయనకు తెలుసు. మేష్టారి భార్య రెబ్కా పోయి మూడు వారాలు దాటింది. చావుకు రాలేకపోయినందుకు ఏమని చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కున్నాడు గాని, తీరా అరుగు మీద కూర్చున్న మనిషిని చూశాక అవేవీ నోటికి రాలేదు. పక్కన కూర్చుని చాలాసేపు తన చేతికర్ర వంకే చూశాడు.

జయరావుకు అదే మేలనిపించింది. ఈ మూడు వారాల్లో చాలామంది వచ్చి చాలా మంచి మాటలు చెప్పి వెళ్ళారు. వాటికి జవాబుగా తలూపడం ఎంత అలవాటైందంటే, ఎవరూ ఏమీ అనకపోయినా ఊపుతున్నాడు.

“మేష్టారూ, బడి ఎన్నాళ్ళ బట్టి జరగడం లేదు?” అన్నాడు చివరికి అలీ సాహెబు.

జయరావు ఆలోచించుకోవలసి వచ్చింది. రెబ్కాకు జ్వరం తగిలింది మంగళవారం సాయంత్రం, బడి విడిచాక. బుధవారం తెల్లవారి బస్సులో గుంటూరు తీసుకువెళ్ళాడు. శుక్రవారం తిరిగి తీసుకొచ్చాడు. ఆ తరవాత గంట కొట్టలేదు. ఆమె చిన్న తరగతులకూ, అతను పెద్ద తరగతులకూ చెప్పే బడి అది. మూడో మేష్టారు లేడు. మిషను ఆఫీసు నుంచి ఆదరణ తెలుపుతూ ఉత్తరం వచ్చింది. మనసు కుదుటపడ్డాకే బడి తెరవండి, తొందరేమీ లేదని రాశారు.

“ఫిబ్రవరి నాలుగు, మంగళవారం. అదే ఆఖరండి” అన్నాడు.

అలీ సాహెబు వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించుకుంటూ లెక్కపెట్టాడు. “అయితే ఇవాళ్టికి ఇరవై ఏడు” అని, కోటు లోపలి జేబులోంచి మడత కాగితం తీశాడు.

అది బడి స్థలం దస్తావేజు నకలు. ముప్పై రెండేళ్ళ కిందట ఊళ్ళో మోతుబరి రంగయ్య గారు, మాచర్ల రోడ్డు పక్కన నలభై సెంట్ల నేల పల్లె పిల్లల బడి కోసం మిషనుకు రాసిచ్చాడు. ఆ సంగతి జయరావుకు తెలుసు. బడి గోడ మీద ఆయన పేరు కూడా ఉంది. తెలియనిది ఏమిటంటే, రంగయ్య గారు దానశీలే గాని అనుమానం మనిషి. మిషను దొరలు ఆ నేలలో బడి ఎత్తేసి మరొకటి కట్టుకుంటారేమో, అమ్ముకుని పోతారేమోనని భయపడి చివర ఒక వాక్యం పెట్టించాడు. అలీ సాహెబు దాని కింద పెన్సిలుతో గీత గీసి తెచ్చాడు.

“వేసవి సెలవులు మినహా, విడవకుండా ముప్పది దినములు అచ్చట పిల్లలకు చదువు చెప్పుట జరగనియెడల ఈ దస్తావేజు రద్దగును. సదరు భూమి నాకు గాని నా వారసులకు గాని తిరిగి చెందవలయును.”

జయరావు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవడానికి కళ్ళు నిలవలేదు.

పోయిన వారం రంగయ్య గారి కొడుకు శ్రీమన్నారాయణ కచేరీకి వచ్చి ఇదే నకలు తీయించుకున్నాడట. దరఖాస్తు రాసిపెట్టింది అలీ సాహెబే. ఈ ఒక్క వాక్యాన్ని శ్రీమన్నారాయణ రెండుసార్లు చదివించుకుని, విన్నాక నకలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడట. రోడ్డు మీద పత్తి జిన్నింగు మిల్లు పెట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాడని ఊరంతటికీ తెలుసు. “నా చేత రాయించుకున్నవాడి పని ఇంకొకరి చెవిన వెయ్యడం మా వృత్తికి తప్పు” అన్నాడు అలీ సాహెబు. “కానీ రిజిస్టరైన కాగితం, రుసుం కడితే ఎవరికైనా నకలిస్తారు. నేనూ ఒకటి కట్టి తీయించాను. అంతే చేశానని మీరూ అనుకోండి.”

“ఒక్క వాక్యంతో పోతుందా సాహెబు గారూ?”

“ప్లీడర్లు దీన్ని డిఫీజెన్సు అంటారు. మామూలుగా ఒక దస్తావేజు కొట్టెయ్యాలంటే ఇంకో దస్తావేజు కావాలి. దీనికి అక్కర్లేదు. ఇచ్చిన కాగితమే ఎప్పుడు పోవాలో కూడా తనలోనే రాసుకుని ఉంటుంది. ఆ షరతు జరిగిందా, అది చచ్చినట్టే. అసలు పుట్టనట్టే.” చచ్చినట్టే అన్నాక ఆయన నాలుక కరుచుకున్నాడు.

తరవాత అలీ సాహెబు దారి కూడా చెప్పాడు. ఒక్కరోజు బడి జరిగితే చాలు, గొలుసు తెగిపోతుంది. ఇలాంటి షరతుల్ని కోర్టులు అక్షరం పట్టుకుని చూస్తాయి, అదీ మేలే. అయితే అక్షరం మనకూ వర్తిస్తుంది. తలుపు తెరిచి కూర్చుంటే బడి కాదు. పిల్లలుండాలి. చదువు చెప్పడం జరగాలి. అచ్చట జరగాలి, ఈ అరుగు మీద కాదు. హాజరుపట్టీలో నాలుగు పేర్లు రాసేసుకుంటే పోలా అని ఎవరైనా అంటారు, వినవద్దు. ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క దొంగ రాత నూరు నిజాలను ముంచుతుంది. ఆఖరు రోజు గురువారం.

జయరావు అరుగు మీంచి రోడ్డు వైపు చూశాడు. బడి ఆవరణ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా పరుచుకుని ఉంది.

“బడి తాళంచెవి నా దగ్గర లేదండీ” అన్నాడు.

ఏటా కోతలప్పుడు రంగయ్య గారి వాళ్ళు బడి ఆవరణలో ఒక మూల మిరపకాయ ఆరబోసుకోవడం మామూలే. నేల ఇచ్చినవాళ్ళు గదా అని అడ్డు చెప్పేవారు కాదు. ఈ ఏడు, రెబ్కాను సమాధి చేసిన నాలుగో రోజున శ్రీమన్నారాయణ పాలేరు పానకాలు వచ్చి తల గోక్కుంటూ నిలబడితే, అడగకముందే జయరావు తాళంచెవి తీసి ఇచ్చాడు. “బడి ఎటూ లేదుగా, పోసుకోండి” అన్నాడు. ఒక మర్యాద మాట. ఎవరి నోటైనా అదే వస్తుంది. ఇప్పుడు ఆ మాట కోర్టులో తనకు ఎదురుగా ఎలా నిలబడుతుందో అలీ సాహెబు ముఖంలో చదివాడు.

“ఎవరైనా విన్నారా?” అన్నాడు సాహెబు.

“పానకాలుతో పాటు ఇద్దరు కూలీలున్నారు.”

సాహెబు నకలు అతని చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే జయరావు శ్రీమన్నారాయణ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఆయన పత్తి బేరగాడితో మాట్లాడుతున్నాడు. జయరావు నిలబడి ఉన్నాడు. బేరగాడు వెళ్ళాక శ్రీమన్నారాయణ ముందుగా రెబ్కా సంగతి ఎత్తాడు. మంచి మనిషి అన్నాడు, మా అమ్మ ఇప్పటికీ అనుకుంటూ ఉంటుందన్నాడు. అందులో అబద్ధం కనబడలేదు. అదే జయరావును ఎక్కువ భయపెట్టింది.

బడి తెరుద్దామనుకుంటున్నానని, ఆవరణ కాస్త ఖాళీ చేయించమని అడిగాడు.

“ఎందుకయ్యా తొందర? మీ ఆఫీసు వాళ్ళే నెమ్మదిగా తెరవమన్నారట గదా” అన్నాడు శ్రీమన్నారాయణ. “కాయ ఇంకా ఏరలేదు. శుక్రవారం గుంటూరు నించి లారీ వస్తుంది. ఆ వెంటనే ఊడ్పించి ఇస్తాను. బడి ఎటూ లేదని నువ్వే అన్నావట.”

“అన్నానండి.”

“మరి?”

శుక్రవారం. జయరావు ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాడు. శుక్రవారానికి ముప్పై ఒకటవుతుంది. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు, ఒక్క దురుసు మాటా అనలేదు. మర్యాదగా ఒక్కరోజు అడిగాడు, అంతే.

బడి పోతే ఏమవుతుందో జయరావుకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్క ఊరి బోర్డు స్కూలు మూడు మైళ్ళు. పల్లె నుంచి అంత దూరం నడిచి వెళ్ళి, అక్కడ చివరి వరసలో కూర్చుని, మధ్యాహ్నం నీళ్ళకు ఎవరో పోస్తే దోసిలి పట్టే చదువు. అతను చదివింది అలాగే. ఆరుగురు మొదలుపెడితే మిగిలింది తానొక్కడే. రెబ్కా ఆ సంగతి వినీ వినీ, మన పిల్లలు ఆ దోసిలి పట్టకూడదు అనేది. వాళ్ళకు సొంత బిడ్డలు లేరు. మన పిల్లలంటే బడిలో ఉన్న నలభై రెండు మందీ.

మంగళవారం పొద్దున, ఇరవై ఎనిమిదో రోజున, పల్లెలో ఇల్లిల్లూ తిరగడానికి బయలుదేరాడు. ఆవరణలో కాయ లేని చోటు ఇంత ఉంటే చాలు, వరండా మెట్లయినా చాలు, పిల్లలుంటే చాలు.

ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి.

అతను కాలం మరిచిపోయాడు. ఏటా కోతల నెలల్లో వాళ్ళ బడి నడిచిన తీరు వేరు. మంచు తడి మీద మిరపకాయ కొయ్యరు, కోస్తే నల్లబడుతుంది. చేను ఆరేదాకా కూలీలు గట్ల మీద కూర్చుని ఎదురుచూడాలి. ఆ రెండు గంటలూ పిల్లలు ఊరికే కూర్చోవడమెందుకని రెబ్కా చీకటితోనే గంట కొట్టేది. చేను ఆరగానే వదిలేసేది. పల్లెలో దాన్ని మంచుబడి అనేవాళ్ళు. కోతలు పోకుండా చదువు, చదువు పోకుండా కోతలు. ఇప్పుడు శివరాత్రి వెళ్ళి రెండు వారాలు దాటింది. చలి శివ శివా అంటూ పోయింది. మంచు లేదు. కూలీలు ఎండ ముదరకముందే పని కావాలని తెల్లవారుజామునే చేలో దిగుతున్నారు. వాళ్ళతో పాటే పిల్లలూ.

చేలగట్టున పున్నమ్మ దొరికింది. రెబ్కాకు దగ్గరి మనిషి. ఒడి నిండా కాయతో నడుము ఎత్తి, మేష్టారు చెప్పింది విని, మళ్ళీ వంగింది.

“రేపొక్క పూట పంపమంటే ఎట్టా మేష్టారూ? మూడో కోత. ఇదే ఆఖరు డబ్బు. ఇది దాటితే మళ్ళీ తొలకరి దాకా ఏముంది?” అంది. “నెల రోజుల బట్టి మీరు అరుగు దిగలా. పోయి పలకరిస్తే తల ఊపారు. పిల్లలేమో బడి పోయిందనుకున్నారు. ఇప్పుడొచ్చి రేపే కావాలంటున్నారు.”

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. జయరావు దస్తావేజు సంగతి చెప్పాడు. పున్నమ్మ కోత ఆపకుండానే వింది. కొంతసేపటికి, చేతులు కదులుతుండగానే అంది.

“రేపట్నించి పిల్లలెవరూ చేలోకి రారు. పానకాలు అందరినీ తాలు ఏరడానికి పిలిచాడు. రేపూ ఎల్లుండీ. ఎక్కడనుకున్నారు? మీ బడి కళ్ళంలోనే.”

జయరావు తిరిగి వస్తూ వస్తూ సగం దారిలో ఆగిపోయాడు. పిల్లలు. అచ్చట. మిగిలింది ఒక్కటే. అది తన చేతిలో ఉంది.

బుధవారం అతను ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆవరణలో కాయ పోగుల చుట్టూ పాతిక మంది పిల్లలు, పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక వైపు, రంగు వెలిసి తెల్లబారిన తాలుకాయ ఒక వైపు. గాలిలో ఘాటు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. మేష్టారిని చూసి పిల్లలు లేచి నిలబడ్డారు.

నిలబడి, అతని వెనక్కు చూశారు.

అతనికి తెలుసు ఎవరి కోసం చూశారో. ఆమె పోయిందని వాళ్ళకూ తెలుసు. సమాధి దగ్గర మట్టి వేసిన పిల్లలే. అయినా ఈ ఆవరణలోకి అతను ఎప్పుడు వచ్చినా వెనక రెండడుగుల్లో ఆమె ఉండేది. కళ్ళు అలవాటు కొద్దీ వెళ్ళాయి.

జయరావు నోరు తెరిచాడు. కూర్చోండి అన్నాడు. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పిన గొంతులోంచి ఆపైన ఒక్క ముక్క రాలేదు. దగ్గు వచ్చింది, ఘాటుకేనేమో. పానకాలు పరుగున వచ్చి చెంబుతో నీళ్ళిచ్చాడు. “ఈ మిరపకాయ కోరు మీకు పడదు మేష్టారూ, ఇంటికెళ్ళి పడుకోండి” అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. జయరావు నీళ్ళు తాగి, చెంబు ఇచ్చి, వచ్చేశాడు.

ఇరవై తొమ్మిది.

ఆ రోజంతా అతను రెబ్కా మీద కోపంగా ఉన్నాడు. బతికున్నప్పుడు ఎన్నడూ రాని కోపం. చిన్నపిల్లలకు చెప్పడం తనకు రాదని ఆమెకు తెలుసు. నువ్వు పెద్ద తరగతులు చూసుకో, వీళ్ళ సంగతి నాకొదిలెయ్యి అనేది. వదిలేశాడు. చేసిన తప్పేమిటో అతనికి అప్పుడు తెలిసింది. ఒక దస్తావేజును నమ్మి మనిషి ఎలా నిశ్చింతగా ఉంటాడో, ఆమెను నమ్మి తాను అలా ఉన్నాడు. చివరి వాక్యం చదవలేదు.

గురువారం తెల్లవారుతుండగానే వెళ్ళాడు. ఈసారి నిలబడలేదు. పిల్లల వరసలో ఖాళీ చూసుకుని, పంచె ఎగగట్టి, నేల మీద కూర్చుని, ఒక పోగు ముందుకు లాక్కున్నాడు. ఎర్రకాయ ఇటు. తాలుకాయ అటు. వేళ్ళు మండసాగాయి. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

“మేష్టారికి కూలి కట్టాలంటావా పానకాలూ?” అంది పున్నమ్మ.

“ఆ ఏరుడు చూస్తే మనమే ఎదురు పుచ్చుకోవాలి” అన్నాడు పానకాలు. మేష్టారి ఎర్రపోగులోంచి నాలుగు తాలుకాయలు తీసి చూపించాడు. అందరూ నవ్వారు. జయరావుకు పక్కన కూర్చున్న పున్నమ్మ కూతురు సువార్త వాటిని తీసుకుని తన తాలుపోగులో వేసుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. మేష్టారి వంక చూడకుండానే, చెయ్యి ఆపకుండానే, “పంతులమ్మ గారు పన్నెండో ఎక్కం సగంలో ఆపారండి” అంది.

“ఎక్కడ?”

“ఏడు దగ్గరండి. పన్నెండేళ్ళు ఎనభై నాలుగు. మిగతాది రేపు అన్నారు.”

జయరావు కాసేపు కాయలే ఏరాడు. ఆ రేపు ముప్పై రోజులు పొడుగు సాగింది. ఈ పిల్లలంతా ఆ ఏడు దగ్గరే కాచుకుని కూర్చున్నారు.

“పన్నెండెనిమిదులు” అన్నాడు. మళ్ళీ అన్నాడు. “పన్నెండెనిమిదులు తొంభై ఆరు.”

“పన్నెండెనిమిదులు తొంభై ఆరు” అన్నారు పిల్లలు, ముక్కుగుడ్డల లోపలి నుంచి.

పానకాలు తల ఎత్తి చూశాడు. చేతులు ఆగనంతవరకూ అతనికి అభ్యంతరం లేదు. ఎక్కం మొదలయ్యాక చేతులు ఇంకా త్వరగా ఆడుతున్నాయి. పన్నెండు పూర్తయ్యాక జయరావు ఊడ్చిన నేల మీద కట్టెపుల్లతో మాటలు రాశాడు. ఒక్కొక్కరూ వంగి చదివి, మళ్ళీ తమ పోగు దగ్గరకు వెళ్ళారు. పెద్దపిల్లలకు లెక్కలిచ్చాడు, నోటితో చెయ్యమన్నాడు. చిన్నవాళ్ళ చేత గుణింతం చెప్పించాడు. తప్పు చెబితే రెబ్కా కసురుకునేది కాదు, ఇంకొకడి చేత ఒప్పు చెప్పించేది. అది అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా శ్రీమన్నారాయణ వచ్చాడు. వెంట ఊరి కరణం గారు, చంకలో కాగితాల కట్ట. ముప్పయ్యో రోజున ఆ స్థలంలో బడి జరగడం లేదని, స్థలం తమ స్వాధీనంలో ఉందని, కళ్ళారా చూసి రాసి పెట్టడానికి కరణం గారిని తెచ్చుకున్నాడు. గేటు దగ్గరకు వచ్చేసరికి పదమూడో ఎక్కం వినబడింది.

ఇద్దరూ ఆగిపోయారు.

“ఏందిరా ఇది?” అన్నాడు శ్రీమన్నారాయణ పానకాలుతో.

“ఏరుతున్నారయ్యా” అన్నాడు పానకాలు.

జయరావు లేచి నిలబడ్డాడు. చేతులు ఎర్రగా ఉన్నాయి. ఎగగట్టిన పంచె దించుకున్నాడు. శ్రీమన్నారాయణ అతన్ని కాక కరణం గారిని చూస్తూ మాట్లాడాడు. వీళ్ళు కూలికి వచ్చినవాళ్ళు, కూలి తాను ఇస్తున్నాడు, ఇది కళ్ళం, బడి కాదు అన్నాడు.

“కూలి చేతులకిస్తున్నారు దొరా” అంది పున్నమ్మ కూర్చున్నచోటి నుంచే. “చెవులకి వేరే ఇస్తున్నారా ఏంది?”

ఆడవాళ్ళు ముక్కుగుడ్డల్లో నవ్వు దాచుకున్నారు. శ్రీమన్నారాయణ ముఖం కందింది. పిల్లల్ని లేచి ఇళ్ళకు పొమ్మన్నాడు. పానకాలు దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పాడు, ఇంకా సగానికి సగం ఏరాల్సి ఉంది, రేపు పొద్దున్నే లారీ వస్తుంది, ఏరని కాయ గుంటూరు మిరప కొట్టువాళ్ళు తాలు ధరకే దింపుకుంటారని. లేచిన పిల్లలు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. శ్రీమన్నారాయణ ఎర్రపోగుల వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. “కూర్చోండి” అన్నాడు చివరికి.

కరణం గారు కాగితాలు విప్పలేదు. సువార్తను పిలిచి, ఇవాళ మేష్టారు ఏం చెప్పారమ్మా అని అడిగాడు. పన్నెండో ఎక్కం అయిపోయిందండి, పదమూడు సగమయింది, నేల మీద రాసినవి చదివామండి అని చెప్పింది. కరణం గారు వంగి నేల మీది మాటలు తానూ చదివాడు.

“నిన్న కూడా చెప్పావా?” అన్నాడు శ్రీమన్నారాయణ హఠాత్తుగా, జయరావు వైపు తిరిగి. అవునంటే కాదని చెప్పడానికి పానకాలు ఉన్నాడు.

“లేదండి” అన్నాడు జయరావు. “వచ్చాను. చెప్పలేకపోయాను. వెళ్ళిపోయాను.”

“మొన్న?”

“మొన్నా లేదు. ఇరవై తొమ్మిది రోజులు లేదండి. ఇవాళ ఉంది.”

కరణం గారు కట్టను మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. “నారాయణా, నన్ను సాక్ష్యానికి తెచ్చావు. రేపు కోర్టులో అడిగితే నేను చూసిందే చెప్పాలి గదా. నిన్న చెప్పలేదని ఒప్పుకున్నవాడు ఇవాళ చెప్పానంటే ఏ జడ్జీ అయినా నమ్ముతాడు. మీ నాన్న గది అనలేదు, బల్ల అనలేదు. చదువు చెప్పుట అన్నాడు.”

శ్రీమన్నారాయణ జయరావు దగ్గరకు వచ్చాడు. ఆయన ముఖంలో కోపం కంటే విసుగు ఎక్కువగా ఉంది.

“ఒక ముప్పై దాటావు. ఏడాదికి ఎన్ని ముప్పైలుంటాయో నీకే తెలుసు, లెక్కల మేష్టారివి” అన్నాడు. గేటు దాటి వెళ్ళిపోయాడు. కరణం గారు వెనకే వెళ్ళాడు.

జయరావుకు సంతోషం కలగలేదు. ఆ ఒక్క మాట అతని లోపల చల్లగా దిగింది. దస్తావేజు బతికింది, దాంతో పాటు ఆ వాక్యమూ బతికింది. తనకు జ్వరమొచ్చినా, వానలకు వాగు పొంగినా, మిషను ఆఫీసు మరెన్నడైనా దయతో సెలవిచ్చినా, అది మొదటి రోజు నుంచి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. అలీ సాహెబు చెప్పిందాంట్లో ఇది లేదు. లేకపోయినా అర్థమవుతూనే ఉంది.

కూర్చుని ఇంకో పోగు ముందుకు లాక్కున్నాడు.

“పున్నమ్మా, రేపు లారీ వెళ్ళాక, ఎల్లుండి నించి పిల్లలు ఎక్కడుంటారు?”

“ఇంకెక్కడ, చేలో. ఆఖరు కాయ ఇంకా ఉందిగా.”

“ఏ చేలో?”

పున్నమ్మ చెయ్యి ఆపి అతని ముఖంలోకి చూసింది. “వాగు అవతల. తెల్లారకముందే పోతాం” అంది. “ఎందుకు?”

“మీరు బయలుదేరే ముందు, చీకట్లో, రోజూ ఒక అరగంట నాకివ్వగలవా? ఇక్కడికి తీసుకొస్తే చాలు.”

“అందరూ రారు మేష్టారూ. నిద్ర కళ్ళు. సగం మంది వస్తే గొప్ప.”

“ఎంతమందో దస్తావేజులో లేదు” అన్నాడు జయరావు. “లాంతరు నేను తెస్తాను.”

ఆమె తల ఊపింది. పిల్లలు పదమూడో ఎక్కం ఎక్కడ ఆగిందో గుర్తుచేశారు. అతను అందుకున్నాడు.